నమూనా పాఠం

8, సోమవారం

కొత్త టీచర్లు దిగారు. హాలు నిండా కొత్త సంచులు, కొత్త పెన్నులు, కొత్త భయాలు. రెండు వారాల్లో వీళ్లకు మన జిల్లా పద్ధతి ఎక్కించి బడులకు పంపాలి. ఎక్కించడం అన్నది మా ఆఫీసరు గారి మాట. పిల్లల బుర్రలోకి ఏదీ ఎక్కించకూడదని చెప్పే పద్ధతిని టీచర్ల బుర్రలోకి ఎక్కించాలట. నవ్వొచ్చింది గానీ ఆయన ముందు ఎలా నవ్వుతాను.

పొద్దుటి పూటంతా నేనే మాట్లాడాను. పిల్ల తప్పు జవాబు చెబితే "తప్పు" అని అనేయకండి, అది నీకెలా తోచిందమ్మా అని అడగండి, అడిగాక నోరు మూసుకుని ఆగండి అన్నాను. ఈ మాటలు నాకు నిద్రలో కూడా వచ్చేస్తాయి. అందరూ రాసుకున్నారు. ముందు వరసలో కళ్ళజోడు అమ్మాయి ఒకతె రాసుకోకుండా చెయ్యెత్తింది.

"ఎంతసేపు ఆగాలి మేడమ్?"

"పిల్ల తనంతట తాను దారిలో పడేదాకా."

"పడకపోతే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. బుధవారం నమూనా పాఠం ఉంది, పిల్లల్ని పెట్టుకునే చూపిస్తాను, అప్పుడు చూద్దురు గానీ అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెబితే, "మంచి ప్రశ్నే కదా, జవాబు చెప్పలేదేం?" అన్నారు. మందుల షాపు నడుపుకునే మనిషికి ఇవన్నీ ఎందుకో.

9, మంగళవారం

పక్క బడి నుంచి అయిదో తరగతి పిల్లల్ని రప్పించి సాయంత్రం హాల్లో ప్రాక్టీసు చేయించాను. నమూనా పాఠం అంటే ఇలాగే చేస్తారు. నాకు ముందున్నావిడ ఇలాగే చేసింది, ఆవిడకు ముందున్నాయన కూడా ఇలాగే చేశాడు. ఎదురుగా అంతమంది పెద్దవాళ్ళు కూర్చుంటే పిల్లలు బిక్కమొహాలు వేస్తారు, పాఠం ముందుకు నడవదు. ఇది మోసమేం కాదు. ఏర్పాటు, అంతే.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అన్నది ప్రశ్న. ఎవరు ఏం చెప్పాలో పంచిపెట్టాను. చివరి బల్ల పిల్లకు తప్పు జవాబు ఇచ్చాను. "మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దది" అనాలి. అప్పుడు నేను అలా ఎందుకు తోచిందని అడిగి, రెండు కాగితాలు చేతికిస్తాను. మడిచి చూసుకుని తానే దిద్దుకోవాలి.

"కానీ మేడమ్, మూడో వంతే పెద్దదని నాకు తెలుసు కదా," అంది ఆ పిల్ల. ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తుందట, నాలుగోవాడు వచ్చి కూర్చుంటే అందరికీ తగ్గిపోతుందట. నాకే పాఠం చెప్పింది.

"తెలుసులే తల్లీ. ఇది నాటకం లాంటిది. మన మధ్యే ఉండాలి. ఎవ్వరికీ చెప్పకూడదు, అమ్మకి కూడా."

అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను. పిల్లలకు రహస్యాలంటే సరదా కదా.

10, బుధవారం

ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఆ పిల్ల తప్పు జవాబు చెప్పగానే హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నేను తొందరపడలేదు, ఆగాను. కాగితాలు మడిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని "మూడో వంతే పెద్దది మేడమ్" అంది. నేను నేర్పిన దానికంటే బాగా చేసింది. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు.

టీ దగ్గర కళ్ళజోడు అమ్మాయి నా పక్కకు వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "నా చిన్నప్పుడు మాకిలాంటి టీచరు ఒక్కరుండి ఉంటే బావుండేది మేడమ్," అంది. ఆఫీసరు గారు పాఠమంతా వీడియో తీయించారు. ఇకనుంచి ఏ కొత్తవాళ్ళు వచ్చినా ఇదే చూపిస్తారట.

గర్వంగానే ఉంది. నా డైరీలో నేను రాసుకుంటే ఎవరికి నష్టం.

12, శుక్రవారం

కాళ్ళ నొప్పులు. ఇంకేం లేదు.

19, శుక్రవారం

శిక్షణ అయిపోయింది. తలో బడికీ పంపేశాం. కళ్ళజోడుకు ఆ పక్క బడిలోనే, ఆ అయిదో తరగతే వచ్చింది. "మీ పిల్లల్నే నాకిచ్చారు మేడమ్, ఎంత అదృష్టమో," అని ఎగిరి గంతేసినంత పని చేసింది. మంచిదమ్మా అన్నాను.

వాళ్ళు నా పిల్లలేం కాదు. రెండు పూటలు చూశాను, అంతే.

24, బుధవారం

ఆఫీసరు గారు గదిలోకి పిలిచారు. ఆ వీడియో అన్ని బడులకూ, పైవాళ్ళకూ పంపారట. మెచ్చుకుంటున్నారట. నాకు టీ తెప్పించారు. అది తాగుతుండగా అన్నారు.

"తప్పు చెప్పిన పిల్ల ఉంది చూశారా, దాన్ని పునాది గుంపులో వేయమన్నాను. పద్ధతి అంటే చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం కాదు కదమ్మా. లోపం కనపడ్డాక పట్టించుకోవాలి. పైవాళ్ళకు కూడా అదే రాశాను."

పునాది గుంపు అంటే లెక్కల పీరియడు వచ్చినప్పుడల్లా క్లాసులోంచి లేచి వెళ్ళిపోవాలి. విరిగిన బెంచీలు పెట్టే గదిలో కూర్చుని పూసలు లెక్కపెట్టాలి. ఏడాది పొడుగునా అంతే. భిన్నాలు ఉండవు, ఏమీ ఉండవు.

"మంచిదే సార్," అన్నాను.

అలాగే అన్నాను. ఏడాదే కదా. పునాది గట్టిపడితే నష్టమేముంది.

25, గురువారం

నష్టమేముంది అని నిన్న రాశాను. నష్టం ఎవరికో రాయలేదు.

26, శుక్రవారం

బడి వదిలాక కళ్ళజోడు నేరుగా నా ఆఫీసుకు వచ్చింది. చేతికి ఇంకా సుద్దపొడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పిల్లను పునాది గుంపులో ఎందుకేశారు మేడమ్? నా క్లాసులో ముందు చెయ్యెత్తేది అదే. పక్కవాళ్ళకు కూడా అదే చెబుతుంది."

"ఆఫీసరు గారి నిర్ణయమమ్మా."

"వీడియో చూసి నిర్ణయించారట. ఆ రోజు మాత్రం ఎందుకలా చెప్పింది? దాన్నడిగాను. తల వంచుకుని నేల చూస్తుంది తప్ప నోరు విప్పదు."

"స్టేజీ భయమమ్మా," అన్నాను. "పిల్లలకు మామూలే."

ఆ అమ్మాయి నమ్మింది. అదే నాకు మరీ చిన్నతనమనిపించింది. నమ్మి, తన కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టింది. మేడమ్, మీలాగే అడుగుతున్నాను, మీలాగే ఆగుతున్నాను, పిల్లలు నా మొహం చూస్తూ కూర్చుంటున్నారు, ఒక్కళ్ళు కూడా మీ పాఠంలో లాగా తమంతట తాము దిద్దుకోవడం లేదు, నాలోనే ఏదో లోపం ఉన్నట్టుంది, ఈ పనికి నేను పనికిరానేమో. ఇంకా చాలా చెప్పింది. తల ఊపుతూ విన్నాను. ఓపిక పట్టాలమ్మా అని సలహా కూడా పారేశాను.

ఛీ.

పోతూ పోతూ ఇంకొకటి చెప్పింది. నాలుగో వంతు పెద్దదన్నందుకు తోటి పిల్లలు దాన్ని పావు అని పిలుస్తున్నారట. ఏయ్ పావూ, ఇటు రా. ఏయ్ పావూ, పూసల గదికి టైమైంది పో. మిగతా పిల్లలకూ అది నాటకమని తెలుసు. వాళ్ళూ ఒట్టు వేసిన వాళ్ళే. అయినా అలా పిలుస్తున్నారు. తప్పు చెప్పినట్టు వీడియోలో కనిపించేది అదొక్కతే మరి.

29, సోమవారం

పర్యవేక్షణ వంకతో బడికి వెళ్ళాను. పూసల గదిలో ఆ పిల్ల ఒక మూల కూర్చుని ఉంది. ఎర్రవి పది, నీలంవి పది కట్టలు కట్టి పక్కన పెట్టేసి, కిటికీలోంచి తన క్లాసు వైపు చూస్తోంది. అక్కడ కళ్ళజోడు లెక్క చెబుతోంది. గోడకవతల నుంచి ప్రశ్న వినపడగానే ఈ పిల్ల పెదాలు కదిపి జవాబు చెప్పుకుంటోంది.

నన్ను చూసి లేచి నిలబడింది. మొహం విప్పారింది. ఒట్టేసి చెబుతున్నాను, నన్ను చూసి దానికి సంతోషమేసింది.

"నేను ఎవ్వరికీ చెప్పలేదు మేడమ్," అంది. గుసగుసగా. "టీచరు అడిగినా చెప్పలేదు. ఫోన్లో వీడియో చూసి అమ్మ కొట్టింది. మొద్దుమొహమా, అందరి ముందూ పరువు తీశావు అంది. అప్పుడు కూడా చెప్పలేదు."

నేను ఆ పూసల కట్టలు సర్దుతూ నిలబడ్డాను.

"నేను సరిగ్గా చెప్పలేదా మేడమ్? మీరు చెప్పమన్నట్టే చెప్పాను కదా. మరి ఇక్కడెందుకు కూర్చోబెట్టారు?"

అప్పుడైనా, ఒట్టు తీసేశానమ్మా, అందరికీ చెప్పేసుకో అని అనవచ్చు. ఒక్క వాక్యం. అనలేదు. తల నిమిరి, "మంచి పిల్లవి" అన్నాను. వచ్చేశాను. నన్ను గేటు దాకా సాగనంపడానికి ప్రధానోపాధ్యాయుడు పరిగెత్తుకొచ్చాడు. ఎందుకండీ అనబోయి ఊరుకున్నాను.

ఎవరినీ కొట్టని మనిషినని ఇన్నాళ్ళూ నా గురించి నేను చెప్పుకుంటూ తిరిగాను. ఆ పిల్ల వీపు మీద దెబ్బ పడింది నా వల్ల. చెయ్యి వాళ్ళమ్మదైతే కావచ్చు.

30, మంగళవారం

జ్వరమని చెప్పి ఆఫీసుకు వెళ్ళలేదు. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "నా షాపులో ఉన్న మందులకు తగ్గే జ్వరంలా లేదే. ఏంటి సంగతి?" అన్నారు.

చెప్పాను. అంతా. నన్ను ఓదారుస్తారనుకున్నాను. అంత చేశావా అని తిట్టినా బావుండేది.

"నాకు చెప్పావు, బావుంది," అన్నారు. "నాకు చెబితే ఆ పిల్ల క్లాసుకెళ్ళి కూర్చుంటుందా?"

1, బుధవారం

ఆఫీసరు గారికి చెప్పాను. సార్, ఆ పిల్లకు జవాబు తెలుసు, తప్పు చెప్పమన్నది నేనే అన్నాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆయన నవ్వారు.

"ప్రాక్టీసు లేకుండా నమూనా పాఠం ఎవరు చేస్తారమ్మా? నేను చేసినప్పుడూ అంతే. దానికి ఇంత బాధేంటి?"

"అయితే పిల్లని క్లాసులోకి పంపేయండి సార్."

"ఇప్పుడెలా? పైవాళ్ళకు రాశాం కదా. లోపం కనిపెట్టాం, చర్య తీసుకున్నాం అని. వెంటనే తీసేస్తే ఏమనుకుంటారు? పరీక్షలయ్యాక చూద్దాంలే. శుక్రవారం కొత్త టీచర్లు మళ్ళీ వస్తున్నారు. ఆ వీడియోనే వేసి, దాని మీద మాట్లాడండి."

తలూపి బయటకొచ్చాను. మెట్ల మీద నిలబడి ఆలోచిస్తే అర్థమైంది. ఆయన నన్ను క్షమించేశారు. ఎంత తేలిగ్గా అయిపోయిందో. పరీక్షలయ్యాక అంటే ఆ పిల్ల ఇంకా ఎన్ని నెలలు ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి?

2, గురువారం

చెప్పను. రేపు టీచర్ల ముందు నిజం చెబితే ఈ హాల్లో మళ్ళీ అడుగు పెట్టలేను. పరీక్షలయ్యాక ఎలాగూ తీసేస్తానన్నారు.

పైన మధ్యాహ్నం రాసిన ముక్క కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను. నేనెలాంటి దాన్నో నాకు తెలియాలి.

3, శుక్రవారం

కొత్త టీచర్లంతా వచ్చారు. వీళ్ళు రెండు వారాలుగా నిజం పిల్లల ముందు నిలబడ్డవాళ్ళు. మొహాల్లో అప్పటి కళ లేదు. వెనక వరసలో ఆఫీసరు గారు. వీడియో మొదలైంది. తెర మీద నేను మహా ప్రశాంతంగా నవ్వుతున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది. నోరు తెరవకముందే ఆపించేశాను.

"ఈ పాఠానికి ముందురోజు ప్రాక్టీసు చేయించాను," అన్నాను. "ఈ పిల్లకు సరైన జవాబు తెలుసు. నాకు విడమరిచి చెప్పింది కూడా. తప్పు చెప్పమని నేనే చెప్పాను. కాగితం మడిచి ఆశ్చర్యపోవడం కూడా నేను నేర్పిందే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు కోసం అది ఇంట్లో దెబ్బలు తింది, పునాది గుంపులో కూర్చుంది. మీరు చూసి చప్పట్లు కొట్టింది ఇదీ."

ఏదో గొప్పగా చెప్పానని కాదు. సగం మాటలు మింగేశాను. నేల చీలితే లోపలికి పోదామన్నట్టు నిలబడ్డాను.

నడుమ వరసలోంచి ఒకాయన, లావుపాటి మనిషి, నెమ్మదిగా అన్నాడు. "నా క్లాసులో ఒక్కరు కూడా ఇలా చెప్పకపోతే నాకే చేతకాదనుకున్నానండీ. నిన్ననే రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను." అతను కోప్పడినా బావుండేది. ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకెవరో "నేనూ అంతే" అన్నారు. అక్కణ్ణుంచి అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు, క్లాసులో పిల్లలు నిజంగా ఏమంటున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో. పద్ధతి గురించి ఈ హాల్లో జరిగిన మొదటి నిజమైన మాటలవి. ఆ ఘనత నాది కాదు, అంతే.

ఆఫీసరు గారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. అంతమంది విన్నాక ఆ పిల్లను గదిలో ఉంచలేరు. ఈ లెక్క మాత్రం నేను ముందే వేసుకున్నాను.

అందరూ వెళ్ళాక కళ్ళజోడు మిగిలింది. నా వైపు చూడకుండా సంచి సర్దుకుంటూ అడిగింది.

"ఆ పిల్లనే ఎందుకు మేడమ్?"

"ఎవరో ఒకరికి ఇవ్వాలి కదమ్మా. ఎదురుగా కనిపించింది."

చివరి బల్ల పిల్ల ఎదురుగా ఎలా కనిపిస్తుందని ఆ అమ్మాయి అడగలేదు. మర్యాద కొద్దీ.

6, సోమవారం

పొద్దున్నే ఫోను. పిల్ల క్లాసులోకి వచ్చేసిందట. నన్ను శిక్షణ పని నుంచి తప్పించారు. ఊరి చివర బడిలో మూడో తరగతి ఇచ్చారు. బాధ లేదని రాయబోయాను. ఉంది.

ఆ అమ్మాయి ప్రశ్న వదలడం లేదు. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. ఆ సాయంత్రం పిల్లలందరినీ వరసగా చూశాను. శుభ్రంగా దువ్వుకున్న తలలు, ఇస్త్రీ చొక్కాలు. ఈ పిల్లకు కాలరు చిరుగు, ఒక జడ ఊడి వేలాడుతోంది, ముక్కు మోచేతికి తుడుచుకుంటోంది. దీని నోటి నుంచి వస్తే తప్పు జవాబు అందరూ నమ్ముతారు అనుకున్నాను. తెలిసే అనుకున్నాను. ఆఫీసరు గారు వీడియో చూసి ఒక్క క్షణం కూడా అనుమానపడలేదంటే, నా అంచనా సరైనదే.

ఇరవై ఏళ్ళుగా పిల్లల మాట వినమని చెబుతున్నాను. దీని మాట విన్నాను కూడా. ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తుందని ఎంత చక్కగా చెప్పిందో. విన్నాక కూడా దాని చొక్కానే చూశాను.

7, మంగళవారం

ఆఫీసులో నా సామాను సర్దుకుంటుంటే ఆ పిల్లను వెంటబెట్టుకుని వాళ్ళమ్మ వచ్చింది. బట్టల దుకాణంలో పని, చూపించిన బట్టల్ని మళ్ళీ మడతలు పెట్టడం. పని మధ్యలో అడిగి వచ్చిందట. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడి నిలబడ్డాను.

"కొత్త టీచరమ్మ అంతా చెప్పిందండీ," అంది. "ముందే ఒక్క ముక్క నా చెవిన వేసుంటే బిడ్డ మీద చెయ్యి చేసుకునేదాన్ని కాదు కదా. ఇంత దెబ్బ తిని కూడా నోరు విప్పలేదు, చూడండి."

"నాదే తప్పమ్మా," అన్నాను. పిల్ల వైపు తిరిగి, "నువ్వు తప్పు చెప్పలేదు తల్లీ, తప్పు చేసింది నేను. ఆ ఒట్టు ఇంక లేదు" అన్నాను. చెప్పాల్సిన రోజున చెప్పని వాక్యం. పిల్ల సరేనని తల ఊపింది.

వాళ్ళమ్మ కదలలేదు. కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఏదో అడగాలని ఉంది, అడగడానికి మొహమాటంగా ఉంది.

"అంతమంది పిల్లలున్నారు కదండీ," అంది. "దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?"

ఆ పిల్ల కూడా తలెత్తి నా వైపు చూసింది. ఇవాళ కొత్త చొక్కా వేసుకుంది. రెండు జడలూ బిగించి వేశారు.

"దాని గొంతు బావుంటుందమ్మా," అన్నాను. "హాలంతా వినపడేలా చెబుతుందని."

ఆ తల్లి మొహం వెలిగిపోయింది. "గొంతుకేం, ఇంట్లో మమ్మల్ని పడుకోనివ్వదు," అని పిల్ల భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. దుకాణంలో అందరికీ చెబుతానంది. గొంతు చూసి మేడమ్ గారే ఏరికోరి ఎంచుకున్నారని.

పిల్ల మాత్రం నన్నే చూస్తోంది. ప్రాక్టీసు రోజున దాని మాట రెండో వరసకు కూడా వినపడక, గట్టిగా చెప్పు, ఇంకా గట్టిగా అని నేను పదే పదే విసుక్కున్నది దానికి తెలుసు. ఒకసారి నోరు తెరవబోయింది. వాళ్ళమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది.

ఏమీ చెప్పలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.